హెర్మన్ గ్రాస్మన్

హెర్మన్ గ్యుంథర్ గ్రాస్మన్ (1809 ఏప్రిల్ 15 - 1877 సెప్టెంబరు 26) పంతొమ్మిదవ శతాబ్దానికి చెందిన ప్రఖ్యాత జర్మన్ గణిత శాస్త్రవేత్త, భాషా శాస్త్రవేత్త, ఋగ్వేద పండితుడు. వృత్తిరీత్యా ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. నేడు కళాశాలల్లో బోధించే సదిశా గణితానికి, సదిశాంతరాళ సిద్ధాంతానికి పునాదులు వేసిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. సంస్కృత, గ్రీకు భాషల ధ్వని మార్పులకు సంబంధించిన ఒక ముఖ్య సూత్రం ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. ఆయన కూర్చిన ఋగ్వేద నిఘంటువును వేద పరిశోధకులు నేటికీ సంప్రదిస్తున్నారు.

గ్రాస్మన్ విశ్వవిద్యాలయంలో గణితం చదవలేదు. ఎంతగా కోరుకున్నా విశ్వవిద్యాలయంలో ఉద్యోగమూ ఆయనకు లభించలేదు. పాఠశాల పనివేళల తరువాత మిగిలిన సమయంలోనే ఆయన తన కృషి అంతా సాగించాడు. ఆయన గణిత గ్రంథానికి గుర్తింపు రావడానికి సుమారు ముప్పై సంవత్సరాలు పట్టింది.

బాల్యం, కుటుంబం

గ్రాస్మన్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని ష్టెట్టిన్ నగరంలో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం 1945లో ఈ నగరం పోలండ్‌లో చేరింది. ఇప్పుడు దీనిని ష్చెచిన్ అని పిలుస్తారు. తండ్రి జస్టస్ గ్యుంథర్ గ్రాస్మన్ మతాచార్యునిగా దీక్ష పొందినా, ష్టెట్టిన్ ఉన్నత పాఠశాలలో గణిత, భౌతిక శాస్త్రాలు బోధించేవాడు. గణిత పాఠ్యపుస్తకాలు రచించాడు, స్ఫటిక శాస్త్రంలో పరిశోధన చేశాడు. తల్లి కూడా మతాచార్యుల కుటుంబం నుండి వచ్చినదే. పన్నెండు మంది సంతానంలో హెర్మన్ మూడవవాడు. తమ్ముడు రాబర్ట్ జీవితాంతం ఆయనకు సహచరునిగా నిలిచాడు.

బాల్యంలో హెర్మన్ చదువులో చురుకుగా ఉండేవాడు కాదు. ఈ పిల్లవాడు తోటమాలిగానో, చేతిపనివానిగానో స్థిరపడినా విచారించనక్కర లేదని తండ్రి భావించాడట. అయితే క్రమంగా పట్టుదల పెరిగి, పద్దెనిమిదేళ్ళ వయసులో పాఠశాల చివరి పరీక్షలో ద్వితీయ స్థానం సాధించాడు.

విద్యాభ్యాసం

1827లో గ్రాస్మన్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరి వేదాంతం, ప్రాచీన భాషలు, తత్త్వశాస్త్రం, సాహిత్యం అభ్యసించాడు. తత్త్వవేత్త ష్లైయర్‌మాఖర్ ఉపన్యాసాలు ఆయనపై గాఢమైన ప్రభావం చూపాయి. గణిత పాఠాలకు మాత్రం ఆయన హాజరు కాలేదు. 1830లో ష్టెట్టిన్ తిరిగివచ్చిన తరువాత గణితాన్ని స్వయంకృషితో నేర్చుకున్నాడు. ఇందుకు తండ్రి పుస్తకాలు ఎంతగానో తోడ్పడ్డాయి.

1831 డిసెంబరులో ఉపాధ్యాయ అర్హత పరీక్ష రాశాడు. అయితే క్రింది తరగతులకు బోధించడానికి మాత్రమే అనుమతి లభించింది. 1832లో ష్టెట్టిన్ పాఠశాలలో సహాయ ఉపాధ్యాయునిగా చేరాడు. 1834లో బెర్లిన్‌లోని ఒక వృత్తి విద్యా పాఠశాల నుండి ప్రసిద్ధ జ్యామితి శాస్త్రజ్ఞుడు యాకోబ్ ష్టైనర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళగా, ఆ ఖాళీలో గ్రాస్మన్‌ను నియమించారు. ఏడాదికి పైగా అక్కడ పనిచేసి, 1836లో స్వస్థలానికి తిరిగివచ్చాడు. ఆ తరువాత జీవితమంతా ష్టెట్టిన్‌లోనే ఉపాధ్యాయునిగా గడిపాడు.

ఆటుపోట్లపై వ్యాసం

పై తరగతులకు బోధించే అర్హత కోసం 1840లో గ్రాస్మన్ మరొక పరీక్షకు హాజరయ్యాడు. అందులో భాగంగా సముద్రపు ఆటుపోట్లపై ఒక వ్యాసం సమర్పించవలసి వచ్చింది. లాప్లాస్, లగ్రాంజ్‌ల గ్రంథాల ఆధారంగా ఆయన ఈ విషయాన్ని చర్చించాడు. అయితే వారి దీర్ఘమైన గణనలకు బదులు తాను రూపొందించుకున్న కొత్త పద్ధతిని ఉపయోగించి వాటిని ఎంతో సంక్షిప్తం చేశాడు. ఆ పద్ధతే నేటి సదిశా విశ్లేషణకు తొలి రూపం. పరీక్షకుడు వ్యాసాన్ని అంగీకరించాడు గాని, అందులోని నూతనత్వాన్ని గమనించలేదు. గ్రాస్మన్ గణిత, భౌతిక, రసాయన, ఖనిజ శాస్త్రాలను అన్ని తరగతులకూ బోధించడానికి అర్హుడయ్యాడు. ఆ వ్యాసం మాత్రం ఆయన మరణానంతరం, సమగ్ర రచనల సంపుటాలలో గాని వెలుగు చూడలేదు.

విస్తార సిద్ధాంతం (1844)

ఈ పద్ధతి ఆటుపోట్ల వంటి ఒక్క సమస్యకే పరిమితం కాదని, దాని వెనుక ఒక కొత్త గణిత శాఖ ఉన్నదని గ్రాస్మన్ గ్రహించాడు. 1844లో లైప్‌జిగ్ నగరంలో తన మొదటి మహాగ్రంథాన్ని ప్రచురించాడు. దాని జర్మన్ పేరు ఔస్‌డేనుంగ్స్‌లేరె. దీనిని తెలుగులో విస్తార సిద్ధాంతం అనవచ్చు.

ఈ సిద్ధాంతం ఒక సులభమైన పరిశీలనతో మొదలవుతుంది. ఒక సరళరేఖపై క, ఖ, గ అనే మూడు బిందువులు వరుసగా ఉంటే, క నుండి ఖ వరకు, ఖ నుండి గ వరకు ఉన్న దూరాల మొత్తం క నుండి గ వరకు ఉన్న దూరానికి సమానం. పొడవుతో పాటు దిశను కూడా లెక్కలోకి తీసుకుంటే, మూడు బిందువులు ఒకే రేఖపై లేకపోయినా ఈ నియమం వర్తిస్తుంది. ఇదే సదిశల సంకలనం. దీనిని నేడు ఇంటర్మీడియట్ విద్యార్థులు మొదటి సంవత్సరంలో నేర్చుకుంటారు.

ఉదాహరణకు హైదరాబాదు సమీపంలోని శంషాబాదు విమానాశ్రయంలో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఒక విమానం తూర్పు నుండి పడమరకు దిగుతున్నప్పుడు నైరుతి గాలి వీస్తున్నదనుకుందాం. గాలి విమానాన్ని ఉత్తరం వైపు నెడుతుంది. కనుక పైలట్ ముక్కును కొద్దిగా ఎడమకు, అంటే దక్షిణానికి తిప్పి ఉంచాలి. గాలితో పోల్చినప్పుడు విమానానికి ఉన్న వేగం ఒక సదిశ, గాలి వేగం మరొక సదిశ. ఈ రెండింటి మొత్తం రన్‌వే దిశలో ఉంటేనే విమానం సరిగా దిగుతుంది.

సంకలనం వరకు గ్రాస్మన్‌కు ముందు, ఆయన కాలంలోనూ మరికొందరు ఆలోచించారు. ఆయన ప్రత్యేకత గుణకారంలో ఉంది. దీర్ఘ చతురస్రాన్ని దాని రెండు భుజాల లబ్ధంగా భావించవచ్చని తండ్రి తన పాఠ్యపుస్తకంలో రాశాడు. గ్రాస్మన్ ఈ భావాన్ని సమాంతర చతుర్భుజానికి విస్తరించాడు. క, ఖ అనే రెండు సదిశల లబ్ధం వాటిపై ఏర్పడే సమాంతర చతుర్భుజం. దానికి వైశాల్యమే కాక, తిరిగే దిశ కూడా ఉంటుంది. దీని నుండి ముఖ్యంగా ఈ క్రింది ఫలితాలు వస్తాయి.

* సంఖ్యల గుణకారంలో వరుస మార్చినా ఫలితం మారదు. ఇక్కడ వరుస మారితే గుర్తు మారుతుంది: క × ఖ = − (ఖ × క).
* ఒక సదిశను దానితోనే గుణిస్తే సున్న వస్తుంది: క × క = 0. భుజాలు రెండూ ఒకే రేఖపై ఉంటే వైశాల్యం ఉండదు గదా!
* మూడు సదిశల లబ్ధం ఒక ఘన పరిమాణాన్ని ఇస్తుంది. అవి మూడూ ఒకే తలంలో ఉంటే ఆ లబ్ధం సున్న.

ఆయన ఇంతటితో ఆగలేదు. మనం చూసే ప్రపంచానికి పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు పరిమాణాలే ఉన్నా, గణితానికి ఆ పరిమితి అవసరం లేదని, నాలుగు, అయిదు లేక ఎన్ని పరిమాణాలకైనా ఇదే పద్ధతి వర్తిస్తుందని నిరూపించాడు. జ్యామితి ఈ విశాల శాస్త్రానికి ఒక అన్వయం మాత్రమే అని ప్రతిపాదించాడు. 1844 నాటికి ఇది ఎంతో నూతనమైన భావన.

ఆదరణ లభించకపోవడం

గ్రంథానికి దాదాపు ఎటువంటి స్పందనా రాలేదు. దీనికి పలు కారణాలు ఉన్నాయి. గ్రాస్మన్ గ్రంథాన్ని సుదీర్ఘమైన తాత్త్విక చర్చతో ప్రారంభించాడు. పరిచిత ఉదాహరణలతో మొదలుపెట్టక, అత్యంత సాధారణ భావనలతో మొదలుపెట్టాడు. పదజాలమంతా ఆయన స్వయంగా కల్పించినదే. పైగా రచయిత ఒక చిన్న నగరంలోని పాఠశాల ఉపాధ్యాయుడు. శిష్యులు గాని, విద్వత్ పరిషత్తులలో మిత్రులు గాని లేనివాడు.

గ్రంథం అందుకున్న గాస్, తాను కూడా పూర్వం కొంతవరకు ఇటువంటి ఆలోచనలు చేశానని మర్యాదగా జవాబు రాశాడు. సమీక్ష రాయమని కోరితే మోబియస్ అంగీకరించలేదు. ఆ తాత్త్విక శైలి ఆయనకు కొరుకుడు పడలేదు. అయినా గ్రాస్మన్ ప్రతిభను గుర్తించి, లైప్‌జిగ్‌లోని యాబ్లొనోవ్‌స్కి సంఘం ప్రకటించిన పోటీలో పాల్గొనమని ప్రోత్సహించాడు. లైబ్నిట్జ్ కలగన్న జ్యామితీయ విశ్లేషణను అభివృద్ధి చేయడం ఆ పోటీ విషయం. 1846లో బహుమతి గ్రాస్మన్‌కే దక్కింది. పోటీలో పాల్గొన్నది ఆయన ఒక్కడే! ఈ వ్యాసం 1847లో మోబియస్ వివరణతో ప్రచురితమైంది.

1853లో ఫ్రెంచి గణితవేత్త కోషీ ప్రకటించిన ఒక పద్ధతి తన గ్రంథంలోని భావాలను పోలి ఉండటం గ్రాస్మన్ గమనించాడు. అంతకు కొన్నేళ్ళ ముందే తన గ్రంథాన్ని ఆయనకు పంపి ఉన్నాడు. 1854లో ఫ్రెంచి అకాడమీకి ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయింది. చతుష్టయాలను కనుగొన్న ఐరిష్ శాస్త్రవేత్త హామిల్టన్ మాత్రం 1850వ దశకంలో ఈ గ్రంథాన్ని చదివి ఎంతో మెచ్చుకున్నాడు.

అమ్ముడుపోని ప్రతులలో సుమారు 600 ప్రతులను 1864లో ప్రచురణకర్త చిత్తు కాగితాలుగా వినియోగించాడు.

విశ్వవిద్యాలయ పదవికై ప్రయత్నం

1847లో గ్రాస్మన్ తనకు విశ్వవిద్యాలయంలో పదవి ఇవ్వవలసిందిగా ప్రష్యా విద్యా మంత్రిత్వ శాఖను అభ్యర్థించాడు. మంత్రిత్వ శాఖ ప్రముఖ గణితవేత్త కుమ్మర్ అభిప్రాయాన్ని కోరింది. బహుమతి పొందిన వ్యాసాన్ని పరిశీలించిన కుమ్మర్, అందులో మంచి విషయం ఉన్నప్పటికీ దానిని చెప్పిన తీరు లోపభూయిష్టంగా ఉన్నదని నివేదించాడు. దానితో ఆ అవకాశం చేజారిపోయింది.

1852లో తండ్రి మరణించగా, ఆయన నిర్వహించిన పదవిలోనే గ్రాస్మన్ నియమితుడయ్యాడు. దానితో పాటు ప్రొఫెసర్ అనే గౌరవ హోదా లభించింది. అయినా ఆయన పని పాఠశాల తరగతులలోనే. వారానికి ఎన్నో పీరియడ్లు, గణితంతో పాటు భౌతిక శాస్త్రం వంటి ఇతర విషయాల బోధన, ఇంటి దగ్గర పెద్ద సంసారం - వీటి మధ్యనే పరిశోధన సాగించాడు.

కుటుంబ, సామాజిక జీవితం

1848 విప్లవ కాలంలో గ్రాస్మన్, తమ్ముడు రాబర్ట్‌తో కలసి ఒక వారపత్రిక నడిపాడు. రాజ్యాంగబద్ధమైన రాచరికం, జర్మన్ రాష్ట్రాల ఐక్యత ఆ పత్రిక ఆశయాలు. 1849లో థెరెసె క్నాప్పెను వివాహమాడాడు. వారికి పదకొండు మంది పిల్లలు కలిగారు. వారిలో ఏడుగురు మాత్రమే పెరిగి పెద్దవారయ్యారు. కుమారులలో ఒకడైన హెర్మన్ ఎర్నెస్ట్ గ్రాస్మన్ అనంతర కాలంలో గీసెన్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడయ్యాడు. తండ్రికి అందని పదవి కుమారునికి అందింది.

రంగుల మిశ్రమం

1852లో హెల్మ్‌హోల్ట్జ్ తన ప్రయోగాల ఆధారంగా, వర్ణపటంలోని రంగులలో ఒక్క జంట మాత్రమే కలసి తెలుపును ఇస్తుందని ప్రకటించాడు. 1853లో గ్రాస్మన్ ఈ విషయాన్ని గణితపరంగా పరిశీలించి, ప్రతి రంగుకూ దానితో కలసి తెలుపునిచ్చే పూరక వర్ణం ఉండి తీరాలని వాదించాడు. మరిన్ని ప్రయోగాలు చేసిన హెల్మ్‌హోల్ట్జ్ తన తొలి అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. ఒకే విధంగా కనిపించే రెండు కాంతులకు మూడవ కాంతిని సమానంగా కలిపితే, ఫలితాలు కూడా ఒకే విధంగా కనిపిస్తాయని చెప్పే నియమం గ్రాస్మన్ వర్ణ నియమాలలో ప్రధానమైనది. 1931లో రూపొందిన అంతర్జాతీయ వర్ణ ప్రమాణానికి ఈ నియమాలే ఆధారం.

రెండవ గ్రంథం, అంకగణితం

1861లో గ్రాస్మన్ అంకగణితంపై ఒక పాఠ్యపుస్తకం ప్రచురించాడు. ఒకటి కలపడం అనే ఒక్క క్రియ నుండి సంకలన, గుణకార నియమాలన్నింటినీ గణితానుగమన పద్ధతిలో సాధించడం ఇందులోని విశేషం. సంకలనంలో వరుస మార్చినా మొత్తం మారదన్న విషయాన్ని పిల్లలు కూడా సహజంగానే అంగీకరిస్తారు. దానికి కూడా నిరూపణ అవసరమని, నిరూపణ సాధ్యమని చూపిన గ్రంథమిది. సహజ సంఖ్యల స్వీకృతాలను 1889లో ప్రకటించిన ఇటలీ గణితవేత్త పియానో ఈ పుస్తకాన్ని ఉపయోగించుకున్నాడు.

మొదటి గ్రంథం విఫలం కావడానికి శైలి కారణమని తలచి, గ్రాస్మన్ విస్తార సిద్ధాంతాన్ని పూర్తిగా తిరగరాశాడు. తాత్త్విక చర్చను తొలగించి, నిర్వచనాలు, సిద్ధాంతాలు, నిరూపణలు అనే క్రమంలో కూర్చాడు. తమ్ముని ముద్రణాలయంలో స్వంత ఖర్చుతో 300 ప్రతులు ముద్రించాడు. ఇది 1862లో వెలువడింది. సదిశాంతరాళం, ఆధారం, పరిమాణం వంటి భావనలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి. అయినా ఈ గ్రంథాన్నీ పట్టించుకున్నవారు లేరు. మొదటి పుస్తకంలో వివరణ ఎక్కువై పాఠకులు దూరమైతే, రెండవ పుస్తకంలో వివరణ లేక దూరమయ్యారని చెప్పవచ్చు.

సంస్కృత భాషాధ్యయనం

గణితంలో నిరాశ చెంది గ్రాస్మన్ సంస్కృతం వైపు మళ్ళాడని తరచుగా చెబుతారు. ఇది పూర్తిగా నిజం కాదు. 1849 ప్రాంతంలోనే ఆయన సంస్కృతం నేర్చుకోవడం ప్రారంభించాడు. రెండవ గణిత గ్రంథం ఆ తరువాతనే వచ్చింది. రెండు కృషులూ చాలాకాలం సమాంతరంగా సాగాయి. 1862 తరువాత మాత్రం ఆయన కాలంలో ఎక్కువ భాగం భాషాశాస్త్రానికే వెచ్చించాడు.

గ్రాస్మన్ సూత్రం

1863లో ఆయన మహాప్రాణాక్షరాలపై ఒక వ్యాసం ప్రచురించాడు. ఒకే పదంలో వరుసగా రెండు అక్షరాలలో మహాప్రాణాలు వస్తే, సంస్కృత, గ్రీకు భాషలలో మొదటిది అల్పప్రాణంగా మారుతుందన్నది దాని సారాంశం. ధా ధాతువు రెట్టిస్తే ధధాతి కాక దధాతి అవుతుంది. భూ ధాతువు నుండి భభూవ కాక బభూవ వస్తుంది. రెట్టింపులో వచ్చే ఈ మార్పును పాణిని ఏనాడో సూత్రీకరించాడు. గ్రాస్మన్ దీనిని ధాతువుల పూర్వరూపాలకు అన్వయించి, రెండు భాషలకూ వర్తించే చారిత్రక నియమంగా చూపాడు.

దీనితో ఒక పెద్ద చిక్కు విడిపోయింది. గ్రిమ్ సూత్రం ప్రకారం సంస్కృతంలోని భ కారానికి జర్మానిక్ భాషలలో బ కారం రావాలి. భ్రాతృ శబ్దానికి ఇంగ్లీషులో బ్రదర్ అన్న పదం ఇందుకు ఉదాహరణ. మరి బంధ్ ధాతువుకు సమానమైన ఇంగ్లీషు పదం బైండ్. ఇక్కడ సంస్కృతంలోనూ బ కారమే ఉంది, భ కారం లేదు. దీనిని ఒక అపవాదంగా భావించేవారు. మూలభాషలో ఆ ధాతువు భంధ్ అని, సంస్కృతంలో తొలి మహాప్రాణం లోపించి బంధ్ అయిందని గ్రాస్మన్ వివరించాడు. దీనితో అది అపవాదం కాకుండా పోయింది.

పదం చివరనున్న మహాప్రాణం పోయినచోట మొదటి మహాప్రాణం నిలవడం ఈ వివరణకు బలం చేకూరుస్తుంది. దుహ్ అంటే పితకడం. అదే ధాతువు నుండి వచ్చిన కామధుక్ శబ్దంలో ద కారం కాక ధ కారం కనిపించడానికి కారణమిదే.

ఋగ్వేద నిఘంటువు, అనువాదం

గ్రాస్మన్ 1873 నుండి 1875 వరకు ఋగ్వేద నిఘంటువును ప్రచురించాడు. 1028 సూక్తాలలోని ప్రతి పదాన్ని, దాని వ్యాకరణ రూపాలను, అది వచ్చిన ఋక్కుల సంఖ్యలతో సహా ఇందులో పొందుపరిచాడు. తరువాత 1876-77లలో ఋగ్వేదాన్ని రెండు సంపుటాలలో జర్మన్ పద్యాలుగా అనువదించాడు.

విజయనగర సామ్రాజ్యంలో బుక్కరాయలు, రెండవ హరిహరరాయల కాలంలో సాయణాచార్యుడు రచించిన భాష్యమే ఋగ్వేదార్థానికి సంప్రదాయ ప్రమాణం. దీనిని మాక్స్ ముల్లర్ 1849-1874 మధ్య ముద్రించి యూరపు పండితులకు అందుబాటులోకి తెచ్చాడు. అయితే గ్రాస్మన్, రోత్ అనే పండితుని మార్గాన్ని అనుసరించి, ఒక పదం వేదంలో వచ్చిన సందర్భాలన్నింటినీ పోల్చి దాని అర్థాన్ని నిర్ణయించడానికి ప్రయత్నించాడు. ఈ పద్ధతిలో చేసిన కొన్ని అర్థనిర్ణయాలను తరువాతి పండితులు అంగీకరించలేదు. గెల్డ్‌నర్ అనువాదం వచ్చిన తరువాత గ్రాస్మన్ అనువాదానికి ప్రాధాన్యం తగ్గింది. నిఘంటువు విలువ మాత్రం చెక్కు చెదరలేదు.

గణితంలో దొరకని గుర్తింపు ఆయనకు ఇక్కడ త్వరగానే లభించింది. 1876లో అమెరికన్ ఓరియంటల్ సొసైటీ సభ్యత్వాన్ని, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటును ఇచ్చాయి.

చివరి రోజులు

1867లో హాంకెల్ తన గ్రంథంలో విస్తార సిద్ధాంతాన్ని ప్రస్తావించి ప్రశంసించడంతో గణిత లోకంలో పరిస్థితి మారసాగింది. 1871లో గోటింగెన్ విద్వత్ పరిషత్తు గ్రాస్మన్‌ను సభ్యునిగా ఎన్నుకుంది. 1872లో క్లెబ్ష్ ఆయన కృషిని కొనియాడాడు. ష్టెట్టిన్‌లో కొంతకాలం సహోపాధ్యాయునిగా పనిచేసిన విక్టర్ ష్లేగెల్, ఈ సిద్ధాంతాన్ని వివరిస్తూ పుస్తకం రాశాడు. ఉత్సాహం కలిగిన గ్రాస్మన్, ఆరోగ్యం క్షీణిస్తున్నా మళ్ళీ గణిత వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. 1844 నాటి గ్రంథానికి రెండవ ముద్రణ అవసరమైంది. దానికి ఆయన 1877లో కొత్త ముందుమాట రాశాడు. గ్రంథం 1878లో వెలువడే నాటికి ఆయన జీవించి లేడు. 1877 సెప్టెంబరు 26న హృద్రోగంతో ష్టెట్టిన్‌లోనే మరణించాడు.

గణిత వారసత్వం

మరణానంతరం గ్రాస్మన్ భావాలు వివిధ దేశాలకు వ్యాపించాయి.

* 1878లో ఇంగ్లండులో క్లిఫర్డ్, గ్రాస్మన్ పద్ధతిని హామిల్టన్ చతుష్టయాలతో మేళవించి కొత్త బీజగణితాన్ని సృష్టించాడు.
* 1888లో పియానో, గ్రాస్మన్ గ్రంథం ఆధారంగా సదిశాంతరాళానికి ఆధునిక నిర్వచనం ఇచ్చాడు.
* అమెరికాలో సదిశా విశ్లేషణను రూపొందించిన గిబ్స్, గ్రాస్మన్ ప్రాధాన్యాన్ని బహిరంగంగా చాటాడు. ఆటుపోట్ల వ్యాసం ప్రచురణకు కృషి చేశాడు.
* 1894-1911 మధ్య ఫ్రెడరిక్ ఎంగెల్ సంపాదకత్వంలో ఆయన సమగ్ర రచనలు, జీవితచరిత్ర వెలువడ్డాయి.
* ఫ్రాన్సులో ఎలీ కార్టాన్, గ్రాస్మన్ లబ్ధాన్ని కలన గణితంతో జోడించి అవకలన రూపాల సిద్ధాంతాన్ని నిర్మించాడు.
* క్వాంటం భౌతిక శాస్త్రంలో ఎలక్ట్రాన్ వంటి కణాలను వర్ణించడానికి గ్రాస్మన్ సంఖ్యలను ఉపయోగిస్తారు. వరుస మారితే గుర్తు మారడం వీటి లక్షణం.

ఒక సదిశాంతరాళంలో ఇచ్చిన పరిమాణం గల ఉపాంతరాళాలన్నింటి సముదాయాన్ని గ్రాస్మనియన్ అంటారు. చైనా-అమెరికన్ గణితవేత్త చెర్న్ 1940వ దశకంలో కనుగొన్న చెర్న్ వర్గాలకు గ్రాస్మనియన్ ఆధారభూతమైనది. 2010 ఆగస్టులో హైదరాబాదులో అంతర్జాతీయ గణిత శాస్త్రవేత్తల మహాసభ జరిగింది. చెర్న్ పేరిట నెలకొల్పిన పతకాన్ని ఆ సభలోనే తొలిసారిగా లూయీ నిరెన్‌బర్గ్‌కు ప్రదానం చేశారు.

గ్రాస్మన్ ద్విశత జయంతి సందర్భంగా 2009లో జర్మనీలోని పోట్స్‌డామ్, పోలండ్‌లోని ష్చెచిన్ నగరాలలో అంతర్జాతీయ సదస్సు నిర్వహించారు. గణిత, భౌతిక, భాషా శాస్త్రాలకు చెందిన పండితులు అందులో పాల్గొన్నారు. ఒక పాఠశాల ఉపాధ్యాయుని కృషిని చర్చించడానికి ఇన్ని శాఖల వారు ఒకచోట చేరవలసి వచ్చింది.

ముఖ్య రచనలు

* విస్తార సిద్ధాంతం, మొదటి గ్రంథం (1844)
* జ్యామితీయ విశ్లేషణ (1847)
* వర్ణ మిశ్రమ సిద్ధాంతంపై వ్యాసం (1853)
* అంకగణిత పాఠ్యపుస్తకం (1861)
* విస్తార సిద్ధాంతం, రెండవ గ్రంథం (1862)
* మహాప్రాణాలపై వ్యాసం (1863)
* ఋగ్వేద నిఘంటువు (1873-75)
* ఋగ్వేదం, జర్మన్ అనువాదం (1876-77)